వెనక షాక్ స్ప్రింగ్ మార్చాలి, నా బరువుకు ఏ రేటు (గట్టిదనం) తీసుకోవాలి?

కొంపల్లి_300
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. నా దగ్గర 2014 కవాసాకి నింజా 300 బైక్ ఉంది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పాత ఓనర్ కంపెనీ షాక్ తీసేసి ఆఫ్టర్‌మార్కెట్ షాక్ వేయించాడు. మరలున్న ప్రీలోడ్ కాలర్ (స్ప్రింగ్‌ని ముందే ఎంత నొక్కి ఉంచాలో పెట్టేది), రీబౌండ్ నాబ్ (నొక్కుకున్న షాక్ తిరిగి సాగే వేగాన్ని సర్దేది) ఉన్నాయి. ఆయన బాగా సన్నగా ఉంటాడు. నేను 87 కిలోలు, హెల్మెట్, జాకెట్, బూట్లతో కలిపి 96.

ఈరోజు శ్రీశైలం వెళ్లొచ్చాం. దోమలపెంట దాటాక ఘాట్‌లో ప్రతి మలుపులో వెనక భాగం కూర్చుండిపోతోంది. థ్రాటిల్ ఇవ్వగానే బండి లైన్ వదిలి బయటికి జారుతోంది. సిటీలో ఫ్లైఓవర్ జాయింట్ల మీద వెనక నుంచి గట్టిగా దెబ్బ తగులుతుంది. పోయిన నెల ఒక మెకానిక్ ప్రీలోడ్ 6 మిల్లీమీటర్లు బిగించాడు. దెబ్బ కొంచెం తగ్గింది కానీ ఇప్పుడు స్పీడ్ బ్రేకర్ దిగిన ప్రతిసారీ వెనక "టక్" అని చప్పుడు, బ్రేక్ వేస్తే వెనక టైరు నేలను వదిలేస్తున్నట్టు ఉంటోంది.

స్ప్రింగ్ మార్చాలని నిర్ణయించుకున్నాను. ఇప్పుడున్న దాని మీద పెయింట్ పోయి నంబరు కనిపించడం లేదు. ఒకరు 90 (మిల్లీమీటరు నొక్కడానికి కావాల్సిన న్యూటన్లు) అంటున్నారు, ఇంకొకరు 100 అంటున్నారు. ఏది తీసుకోవాలి?

ట్రాక్_ఆదివారం
ఆదివారం, రాత్రి 10:05

బ్రదర్, ఆలోచించకుండా 100 తీసుకో. నాది కేటీఎం ఆర్‌సీ 390. నేను నీకంటే చాలా తక్కువ బరువు, నేనే స్ప్రింగ్ పెంచాను. చెన్నై ట్రాక్‌లో తేడా మొదటి ల్యాప్‌లోనే తెలిసింది. మెత్తటి స్ప్రింగ్‌తో ఎంత తిప్పలు పడ్డా లాభం లేదు.

మెకానికల్_అక్క
ఆదివారం, రాత్రి 10:50

100 అని ఇప్పుడే చెప్పకండి, దయచేసి. ఆర్‌సీ 390 షాక్ నేరుగా స్వింగ్ ఆర్మ్‌కి (వెనక చక్రాన్ని పట్టుకునే చేతికి) బిగించి ఉంటుంది, మధ్యలో లింకేజీ, అంటే లివర్ల అమరిక, లేదు. నింజా 300లో కింద లింకేజీ ఉంది, కవాసాకి వాళ్లు దాన్ని యూని-ట్రాక్ అంటారు. చక్రం 2 మి.మీ. పైకి లేస్తే షాక్ 1 మి.మీ. నొక్కుకుంటుందనుకోండి. అప్పుడు చక్రం దగ్గర స్ప్రింగ్ రేటు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. దూరంలో ఒకసారి, బలంలో ఒకసారి, రెండుసార్లు తగ్గుతుంది కాబట్టి నిష్పత్తిని వర్గం చేసి భాగించాలి. అందుకే ఒక బండి నంబరు ఇంకో బండికి పనికిరాదు. ఒకే బండి మీద కూడా బరువు చార్ట్ చూసి కొంటే చాలామందికి తప్పే వస్తుంది, ఎందుకంటే ఆ చార్ట్‌లో రాసిన బరువు గేర్‌తోనా (హెల్మెట్, జాకెట్, బూట్లతో), గేర్ లేకుండానా అన్నది చాలాసార్లు రాసి ఉండదు.

కొంపల్లి గారూ, ముందు స్యాగ్ కొలవండి. రెండు స్యాగ్‌లూ కావాలి. బండి తన బరువుకే ఎంత దిగింది, మీరు గేర్‌తో ఎక్కాక మొత్తం ఎంత దిగింది. ఇప్పుడున్న సెట్టింగ్‌లో ఒకసారి, కాలర్‌ని పాత చోటికి తెచ్చి ఇంకోసారి.

కొంపల్లి_300
సోమవారం, రాత్రి 8:15

కొలిచాను అక్కా. పాడాక్ స్టాండ్ మీద పెట్టి వెనక యాక్సిల్ మధ్య నుంచి తోక మీద అంటించిన టేప్ గుర్తు దాకా మొదటి కొలత తీసుకున్నాను. తర్వాత నేల మీద, తర్వాత నేను ఎక్కి. కాలర్ ఇప్పుడున్న చోట: బండి బరువుకు 0, నేను ఎక్కితే 30. కాలర్ పాత చోట: బండి బరువుకు 0, నేను ఎక్కితే 30. రెండూ ఒకటే వచ్చాయి. అంటే 6 మి.మీ. బిగించినా ఏమీ మారలేదా?

మెకానికల్_అక్క
సోమవారం, రాత్రి 8:40

మారింది. మొదటి కొలతలో పొరపాటు జరిగింది. పాడాక్ స్టాండ్ స్వింగ్ ఆర్మ్‌ను పట్టుకుని ఎత్తుతుంది. బండి బరువు అప్పుడు కూడా షాక్ మీదే ఉంటుంది. అంటే చక్రం గాల్లో ఉన్నా సస్పెన్షన్ పూర్తిగా సాగలేదు. అందుకే 0 వచ్చింది.

షాక్ పూర్తిగా సాగాలంటే బండిని ఫ్రేమ్ దగ్గర నుంచి ఎత్తాలి. ఇంట్లో సులువైన పద్ధతి ఇది: ముందు బ్రేక్ ఒకరు పట్టుకోండి, ఇద్దరు తోక పట్టుకుని చక్రం నేల వదిలేదాకా ఎత్తండి, నాలుగో మనిషి టేపు పెట్టాలి. ఇంకో సంగతి, సీల్స్ పట్టుకోవడం వల్ల బండి దిగిన చోటే ఆగదు. ఒకసారి కిందికి నొక్కి మెల్లగా వదిలి కొలవండి, ఒకసారి పైకి లాగి మెల్లగా వదిలి కొలవండి. రెంటికీ మధ్య సంఖ్య రాసుకోండి.

కొంపల్లి_300
మంగళవారం, రాత్రి 9:20

తమ్ముడు, పక్కింటి అన్నలు ఇద్దరు వచ్చి సాయం చేశారు. మూడేసి సార్లు కొలిచాం.

కాలర్ పాత చోట: బండి బరువుకు 16 మి.మీ., నాతో కలిపి 46.
6 మి.మీ. బిగించాక: బండి బరువుకు 4, నాతో కలిపి 34.

రోడ్డు మీద నడిపే బండికి మనిషితో కలిపి 30 నుంచి 40 ఉంటే సరిపోతుందని చదివాను. అంటే ఇప్పుడు 34 సరైనదే కదా? మరి స్ప్రింగ్ మార్చాలా వద్దా?

రెండోగేర్
మంగళవారం, రాత్రి 10:10

తమ్ముడూ, నీ ప్రశ్నకు జవాబు ఆ 4లో ఉంది. చాలామంది 34 చూసి సంతోషపడి అక్కడే ఆగిపోతారు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ప్రీలోడ్ తిప్పితే స్ప్రింగ్ గట్టిపడదు. బండి ఎత్తు మాత్రమే మారుతుంది. నీ కొలతలే సాక్ష్యం. 46 నుంచి 16 తీసేస్తే 30. 34 నుంచి 4 తీసేసినా 30. అంటే నువ్వు ఎక్కగానే బండి ఎప్పుడైనా 30 మి.మీ. దిగుతుంది, కాలర్ ఎక్కడున్నా సరే. ఆ 30ని మార్చగలిగేది స్ప్రింగ్ ఒక్కటే.

బిగించి 34 తెచ్చావు, కానీ దానికోసం బండి సొంత స్యాగ్ 16 నుంచి 4కి పడిపోయింది. చక్రం కిందికి దిగడానికి మిగిలిన చోటు 4 మి.మీ. మాత్రమే. స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడు, బ్రేక్ వేసి బరువు ముందుకు పోయినప్పుడు షాక్ చివరిదాకా సాగి గట్టిగా తగులుతోంది. నీకు వినిపించే "టక్" అదే. టైరు నేలను వదిలేస్తున్నట్టు అనిపించడానికీ అదే కారణం.

మనిషితో స్యాగ్ సరిగ్గా ఉండి, బండి స్యాగ్ చాలా తక్కువ వస్తే స్ప్రింగ్ మెత్తన. బండి స్యాగ్ ఎక్కువగా వస్తే స్ప్రింగ్ గట్టిది. మొదటిసారి విన్నప్పుడు తలకిందులుగా అనిపిస్తుంది. మెత్తటి స్ప్రింగ్‌ని బలవంతంగా బిగిస్తేనే బండి దిగకుండా నిలబడుతుంది అని గుర్తుపెట్టుకుంటే ఇక తికమక ఉండదు.

రోడ్డుకు నేను బండి బరువుకు 10, మనిషితో 35 చూస్తాను. అంటే తేడా 25. నీకు వస్తున్నది 30. 30ని 25తో భాగిస్తే 1.2. నీ స్ప్రింగ్ కంటే ఐదో వంతు గట్టిది కావాలి. ఇప్పుడున్న దాని రేటు తెలిస్తే చాలు, లింకేజీ లెక్క కూడా అక్కర్లేదు.

ట్రాక్_ఆదివారం
మంగళవారం, రాత్రి 10:35

నేను తొందరపడి చెప్పాను, సారీ బ్రదర్. నేను పెట్టుకున్న స్యాగ్ ట్రాక్ కోసం, మనిషితో 28. మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ 3.7 కిలోమీటర్లు, తారు చక్కగా ఉంటుంది, గుంతలుండవు. దాన్ని మన మియాపూర్ రోడ్డుకు తెస్తే నడుము పోతుంది. రెండోగేర్ అన్న చెప్పిన 35 నీకు సరైనది.

అనంతగిరి_రైడర్
మంగళవారం, రాత్రి 11:15

నాదొక సందేహం. స్ప్రింగ్ పాతదై మెత్తబడి ఉండొచ్చు కదా? అదే రేటు కొత్తది వేస్తే సరిపోదా?

బాలానగర్_స్ప్రింగ్
బుధవారం, ఉదయం 7:30

ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి చెప్తున్నాను. స్ప్రింగ్ పాతబడితే పొడవు కొంచెం తగ్గుతుంది, దాన్ని మేం కూర్చుంది అంటాం. రేటు మాత్రం దాదాపు మారదు. రేటు అనేది తీగ మందం, చుట్టు వ్యాసం, పనిచేసే చుట్ల సంఖ్య, ఉక్కు గుణం వీటి మీదే ఉంటుంది. అవి నడిపితే మారేవి కావు. "స్ప్రింగ్ మెత్తబడింది" అని మా దగ్గరికి తెచ్చేవాళ్లలో చాలామందికి అసలు పోయింది షాక్‌లో ఆయిల్ లేదా గ్యాస్.

తీగ మందం గురించి ఒక మాట. రేటు తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 11 మి.మీ. తీగ బదులు 11.5 వేసి మిగతావన్నీ అలాగే ఉంచితే రేటు దాదాపు 20 శాతం పెరుగుతుంది. అర మిల్లీమీటరు! కళ్లతో చూసి "ఇది లావుగా ఉంది, గట్టిగా ఉంటుంది" అని కొనేవాళ్లకు ఇదే నా విన్నపం, కొలవకుండా కొనొద్దు.

కొంపల్లి భాయ్, స్ప్రింగ్ విప్పి తెస్తే టెస్టింగ్ మెషిన్ మీద పెడదాం. మొదటి 10 మి.మీ. లెక్కలోకి తీసుకోకూడదు, చివరి చుట్లు సర్దుకుంటాయి. ఆ తర్వాత 30 మి.మీ. నొక్కితే ఎంత బరువు పెరిగిందో చూస్తే రేటు వచ్చేస్తుంది.

అనంతగిరి_రైడర్
బుధవారం, ఉదయం 8:10

అయితే మీ దగ్గరే కొత్తది చుట్టించుకోవచ్చు కదా అన్నా?

బాలానగర్_స్ప్రింగ్
బుధవారం, ఉదయం 8:45

చుట్టడం కష్టం కాదు. కానీ బైక్ షాక్‌కి క్రోమ్ సిలికాన్ లాంటి మంచి తీగ కావాలి. చుట్టాక వేడి చేయాలి, షాట్ పీనింగ్ (చిన్న గుళ్లతో ఉపరితలాన్ని కొట్టడం) చేయాలి, పూర్తిగా నొక్కి ముందే కూర్చోబెట్టాలి, రెండు చివరలూ చదునుగా గ్రైండ్ చేయాలి. ఒక్క పీస్ కోసం ఇవన్నీ సరిగ్గా చేసేవాళ్లు తక్కువ. గేట్ల స్ప్రింగులు, ప్రెస్ టూల్ స్ప్రింగులు నేను ధైర్యంగా ఇస్తాను. మనిషి ప్రాణం ఆధారపడిన దానికి పేరున్న కంపెనీ స్ప్రింగే తీసుకోమంటాను. ఓలిన్స్, ఐబాక్, కె-టెక్ లాంటి వాళ్లు రేటు, పొడవు, లోపలి వ్యాసం స్పష్టంగా చెప్పి అమ్ముతారు.

ఇంకో ముఖ్యమైన మాట. కొందరు రేటు పెంచడానికి ఒక చుట్టు కోసేస్తారు. రేటు పెరిగే మాట నిజమే. కానీ పొడవు తగ్గుతుంది, కోసిన చివర చదునుగా కూర్చోదు, ఒక పక్కకు తోసి షాఫ్ట్‌ని, సీల్‌ని తినేస్తుంది. ఎవరూ చేయకండి.

సైనిక్‌పురి_టూరర్
బుధవారం, మధ్యాహ్నం 1:20

విప్పేటప్పుడు జాగ్రత్త. నా అనుభవం చెప్తాను. నాలుగేళ్ల క్రితం రెండు కొక్కేలుండే చవక కంప్రెసర్‌తో (స్ప్రింగ్‌ని నొక్కి పట్టే పనిముట్టుతో) ఇంట్లోనే స్ప్రింగ్ విప్పాను. ఒక కొక్కెం చుట్టు మీద అర అంగుళం జరిగింది. నేను గమనించి చెయ్యి తీసేలోపే స్ప్రింగ్ ఎగిరి గోడకు తగిలింది. ప్లాస్టర్ ఊడి కింద ఇటుక కనిపించింది. నా మొహం ఆ దారిలో లేదు, అంతే తేడా. అప్పటి నుంచి షాక్ తీయడం నేనే చేసుకుంటాను, స్ప్రింగ్ విప్పడం మాత్రం సరైన ప్రెస్ ఉన్నచోటే.

మరలున్న కాలర్ కాబట్టి ముందు దాన్ని పూర్తిగా వదులు చేయండి. మరల మీద మట్టి బ్రష్‌తో తుడిచి, కొంచెం నూనె వేశాకే తిప్పండి. అల్యూమినియం మరలు ఒకసారి పాడైతే షాక్ బాడీయే పోయినట్టు.

ఇంకో అభిప్రాయం. భార్యతో, సామానుతో వెళ్లేవాళ్లు ప్రోగ్రెసివ్ స్ప్రింగ్ చూడొచ్చు. హైపర్‌ప్రో వాళ్లవి అలాంటివే. మొదట మెత్తగా, నొక్కేకొద్దీ గట్టిగా. నా టూరర్‌లో సౌకర్యంగా ఉంది.

మెకానికల్_అక్క
బుధవారం, సాయంత్రం 6:30

టూరర్ గారూ, మీ బండికి, మీ వాడకానికి అది సరైనదే అయ్యుండొచ్చు. నింజాలో మాత్రం నొక్కేకొద్దీ గట్టిపడే పని చాలావరకు లింకేజీ చేస్తుంది. దానికి స్ప్రింగ్ కూడా ప్రోగ్రెసివ్ అయితే రీబౌండ్ ఎక్కడ పెట్టాలో తెలియదు. పైభాగానికి సరిపెడితే కిందిభాగంలో తక్కువవుతుంది. పైగా రెండోగేర్ చెప్పిన తేడా లెక్క లీనియర్ స్ప్రింగ్‌కే (మొదటి నుంచి చివరిదాకా ఒకే రేటు ఉన్నదానికే) నిలుస్తుంది. ఒక్కడే ఎక్కువగా నడిపే కొంపల్లి గారికి లీనియర్ అనే నా మాట.

సైనిక్‌పురి_టూరర్
బుధవారం, సాయంత్రం 7:05

ఒక్కడే నడిపితే ఒప్పుకుంటాను. ఇద్దరితో రోజూ తిరిగేవాళ్ల విషయంలో నా మాట నాదే.

కొంపల్లి_300
శనివారం, సాయంత్రం 5:50

రెండు పనులు చేశాను. మొదటిది, మా వీధి చివర పాత ఇనుప సామాను కొట్టులో పెద్ద ఎలక్ట్రానిక్ కాటా ఉంది. ముందు చక్రం కింద అదే ఎత్తు చెక్కలు పెట్టి, వెనక చక్రం కాటా మీద ఎక్కించాం. బండి ఒక్కటే అయితే వెనక 91 కిలోలు. నేను గేర్‌తో ఎక్కి నడిపే భంగిమలో కూర్చుంటే 151. అంటే నా 96లో 60 వెనక చక్రం మీద పడుతోంది.

రెండోది, ఈరోజు బాలానగర్ అన్న దగ్గరికి స్ప్రింగ్ తీసుకెళ్లాను. ప్రెస్‌లో పెట్టి నా ముందే విప్పించారు. మెషిన్ మీద 10 నుంచి 40 మి.మీ. దాకా నొక్కితే బరువు 240 కిలోలు పెరిగింది. అంటే మిల్లీమీటరుకు 8 కిలోలు.

మెకానికల్_అక్క
శనివారం, సాయంత్రం 6:40

ఎంత చక్కగా చేశారు! ఇక లెక్కను రెండు వైపుల నుంచీ సరిచూసుకుందాం.

60 కిలోలంటే 589 న్యూటన్లు. దానికి బండి 30 మి.మీ. దిగింది. కాబట్టి చక్రం దగ్గర రేటు మిల్లీమీటరుకు 19.6 న్యూటన్లు. కాలర్ 6 మి.మీ. బిగిస్తే బండి 12 మి.మీ. లేచింది కదా, అంటే లింకేజీ నిష్పత్తి 2. దాని వర్గం 4. 19.6ని 4తో గుణిస్తే 78.5. మెషిన్ చెప్పిన 8 కిలోలను 9.81తో గుణించినా 78.5. టేపుతో కొలిచిందీ, మెషిన్ చెప్పిందీ ఒక్కచోటికే వచ్చాయి. మీ కొలతల్ని పూర్తిగా నమ్మొచ్చు.

78.5ని 1.2తో గుణిస్తే 94. స్ప్రింగులు సాధారణంగా 5 చొప్పున దొరుకుతాయి కాబట్టి 95. ప్రీలోడ్ సుమారు 9.5 మి.మీ. దగ్గర మొదలుపెట్టండి, 10, 35కి దగ్గరగా వస్తుంది.

రెండోగేర్
శనివారం, రాత్రి 7:15

ఆర్డర్ పెట్టేముందు రేటుతో పాటు లోపలి వ్యాసం, విడిగా ఉన్నప్పటి పొడవు పంపు. యూనిట్ కూడా తప్పకుండా రాయి. మిల్లీమీటరుకు 95 న్యూటన్లు అంటే మిల్లీమీటరుకు 9.7 కిలోలు, అంగుళానికి దాదాపు 540 పౌండ్లు. "95" అని మాత్రం రాస్తే అవతలి వాళ్లు ఏమనుకుంటారో చెప్పలేం.

చుట్లు ఒకదానికొకటి తగులుతాయేమో కూడా చూడాలి. కొత్త స్ప్రింగ్ పొడవు 160, తీగ 11.5, మొత్తం చుట్లు 7 అనుకో. అన్నీ మూసుకుంటే 80.5. మిగిలే చోటు 79.5. నీ షాక్ కదలిక 62, ప్రీలోడ్ 9.5 కలిపితే 71.5. ఇంకా 8 మి.మీ. మిగులుతుంది, సరిపోతుంది. ఈ లెక్క తప్పితే పెద్ద గుంతలో స్ప్రింగ్ ఇనుప గొట్టంలా గట్టిపడి దెబ్బంతా షాక్ మౌంట్ మీద పడుతుంది.

రీబౌండ్ కూడా కొంచెం పెంచాలి. స్ప్రింగ్ 20 శాతం గట్టిపడితే డ్యాంపింగ్ (షాక్ కదలికను అదుపుచేసే ఆయిల్ నిరోధం) సుమారు 10 శాతం పెంచితే చాలు, అది వర్గమూలంతో పెరుగుతుంది. నీ షాక్‌కి నాబ్ ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. నాబ్ లేని కంపెనీ షాక్‌ల మీద మరీ గట్టి స్ప్రింగ్ వేస్తే బండి గుర్రంలా ఎగురుతుంది.

కొంపల్లి_300
మూడు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 8:30

స్ప్రింగ్ వచ్చింది, బాలానగర్‌లోనే బిగించారు. 95 లీనియర్. స్యాగ్ బండికి 10, నాతో 35 వచ్చింది. రీబౌండ్ రెండు క్లిక్కులు పెంచాను.

ఈరోజు మన్ననూర్ చెక్‌పోస్టు ఉదయం 6కి తెరవగానే బయల్దేరాం. అడవిలో మెల్లగానే వెళ్లాం. దోమలపెంట దాటి డ్యామ్ వైపు దిగే మలుపుల్లో మొదటిసారి బండి నేను చూసిన చోటికే వెళ్లింది. థ్రాటిల్ ఇచ్చినా వెనక కూర్చోవడం లేదు, లైన్ బయటికి పోవడం లేదు. స్పీడ్ బ్రేకర్ల మీద "టక్" పూర్తిగా ఆగిపోయింది. నాకు ఆశ్చర్యంగా అనిపించింది ఏంటంటే, గట్టి స్ప్రింగ్ వేసినా చిన్న గతుకుల మీద బండి మునుపటికంటే మెత్తగా పోతోంది.

బాలానగర్ అన్నకు, అక్కకు, అందరికీ చాలా థ్యాంక్స్. ఇంకేమైనా చూసుకోవాలా?

మెకానికల్_అక్క
ఆదివారం, రాత్రి 9:00

మెత్తగా అనిపించడం సహజమే. ఇంతకు ముందు చక్రం కిందికి దిగడానికి చోటే లేదు కదా, ఇప్పుడు గుంతలోకి దిగి పైకి రాగలుగుతోంది.

చైన్ స్లాక్ (చైన్ ఎంత వదులుగా ఉందో) మళ్లీ చూడండి. ఇప్పుడు వెనక ఎత్తు మారింది కాబట్టి పాత కొలత పనికిరాదు. ముందు స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ పివట్, వెనక యాక్సిల్ ఒకే గీతలోకి వచ్చినప్పుడు చైన్ అన్నిటికంటే బిగుతుగా ఉంటుంది. అప్పుడు కూడా కొంచెం వదులు ఉండాలి. హెడ్‌లైట్ కూడా గోడ మీద వేసి సరిచేసుకోండి.

రెండోగేర్
ఆదివారం, రాత్రి 9:25

ముందు ఫోర్క్ కూడా కొలిచి పెట్టు తమ్ముడూ. ఆ 37 మి.మీ. ఫోర్క్‌కి అడ్జస్టర్లు లేవు. వెనక సరైన ఎత్తుకు వచ్చింది కాబట్టి ఇప్పుడు బ్రేక్ వేసినప్పుడు ముందు ఎక్కువ దిగినట్టు అనిపించొచ్చు. జిప్ టై ఒకటి ఫోర్క్ ట్యూబ్‌కి కట్టి వారం నడుపు, ఎక్కడిదాకా జరిగిందో ఇక్కడ రాయి.

కొంపల్లి_300
ఆదివారం, రాత్రి 9:40

ఇప్పుడే కట్టాను అన్నా. చైన్ రేపు పొద్దున చల్లగా ఉన్నప్పుడు చూస్తాను.